గయలో 1934 నాటి సంతకం, డల్లాస్‌లో 99 డాలర్ల ఉమ్మి

గయకు వెళ్ళేవాళ్ళకు ముందే చెబుతున్నాను. మీరు దిగిన లాడ్జివాళ్ళు "పండాను మేమే మాట్లాడి పెడతాం" అంటే ఒప్పుకోకండి. పండా అంటే అక్కడ పిండాలు పెట్టించి, వచ్చినవాళ్ళ వంశం పేర్లు బహీ అనే పుస్తకంలో రాసి ఉంచే పురోహితుడు. ఆ మాట నమ్మినందుకు మాకు 6,500 రూపాయలు, ఒక రోజు పోయాయి. అమ్మ రెండు పూటలు మాతో మాట్లాడలేదు.

అసలు మేము గయకు ఎందుకు వెళ్ళామంటే, దానికి మూలం డల్లాస్‌లో ఉంది. రెండేళ్ళ కిందట అమ్మానాన్నలు తమ్ముడి దగ్గర ఆరు నెలలు ఉన్నారు. అప్పుడు వాడు 99 డాలర్లు పెట్టి నాన్నగారికి డీఎన్‌ఏ పరీక్ష చేయించాడు. ప్లాస్టిక్ గొట్టంలో గీత దాకా ఉమ్మాలి. అంతకుముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. డెబ్బై ఆరేళ్ళ మనిషికి నోరు ఎండిపోయి, ఆ గీత దాకా రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. "ఎదురుగా నాలుగు చింతకాయలు పెడితే క్షణంలో నిండేది కదా" అన్నది అమ్మ వ్యాఖ్య.

ఐదు వారాలకు ఫలితం వచ్చింది. నాన్నగారు 98 శాతం దక్షిణ భారతీయుడట. ఆ సంగతి చీరాల బస్టాండులో ఎవరిని అడిగినా ఊరికే చెప్పేవారు.

దాని కింద బంధువుల జాబితా ఒకటి ఉంది. డల్లాస్‌లోనే ఉంటున్న మా బాబాయి కూతురు కూడా అదే కంపెనీలో పరీక్ష చేయించుకుంది. వెబ్‌సైటు ఆమెను నాన్నగారికి సవతి చెల్లెలు కావచ్చని తేల్చింది! తమ్ముడి కూతురైనా, సవతి చెల్లెలైనా, మనవరాలైనా సుమారు నాలుగో వంతు డీఎన్‌ఏ కలుస్తుంది కాబట్టి యంత్రానికి తేడా తెలియదు. పైగా బాబాయిది మేనరికం. పిన్ని వైపు నుంచి కూడా రక్తం కలిసి లెక్క ఇంకా పెరిగింది. మేనరికాలు చేసుకునే ఇళ్ళలో ఈ వరుసలను నమ్మి ఎవరూ తగాదాలు తెచ్చుకోవద్దని నా సలహా.

నవ్వి వదిలేయలేనిది మూడో పేరు. టొరంటోలో ఉండే అరవై ఒక్క ఏళ్ళ ఆవిడ. పేరుకు బదులు రెండు పొడి అక్షరాలు మాత్రమే ఉన్నాయి. నాన్నగారితో 214 సెంటీమోర్గాన్లు (డీఎన్‌ఏ ఎంత కలిసిందో చెప్పే కొలత) కలిశాయి. అన్నదమ్ముల మనవల మధ్య సగటున 230 దాకా ఉంటుందట. అంటే ఆవిడ తాతో అవ్వో, నాన్నగారి తాతో అవ్వో తోడబుట్టినవాళ్ళు అయి ఉండాలి. నాన్నగారు మూడు వైపుల బంధువులనూ పేరుపేరునా లెక్క చెప్పగలరు. వాళ్ళలో ఈవిడ లేదు. నాలుగో వైపు తన తండ్రిగారి తండ్రి. "ఆయన ఒక్కగానొక్క కొడుకు. అన్నదమ్ములూ లేరు, అక్కచెల్లెళ్ళూ లేరు. మీ యంత్రం తప్పు" అని కొట్టిపారేశారు. తమ్ముడు టొరంటోకు సందేశం పెట్టాడు. జవాబు రాలేదు.

ఇంటికి తిరిగొచ్చాక ఆయనకే తోచలేదు. మండల కార్యాలయానికి మూడుసార్లు తిరిగాం. పాత ఆర్‌.ఎస్‌.ఆర్‌. అనే భూముల రిజిస్టరు కాపీ చూపించమంటే ఒకరోజు బీరువా తాళం లేదు, ఇంకో రోజు తాళం ఉన్న మనిషి లేడు, మూడో రోజు ఇద్దరూ ఉన్నారు గాని మాకు కావలసిన పుటలు లేవు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు ఏ పుస్తకం ఎవరి అటక ఎక్కిందో చెప్పేవాళ్ళు లేరు. ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. మాకు కావలసినది అంతకు ఎనభై ఏళ్ళ ముందుది.

మనసుకు సుఖంగా గడిచింది వేటపాలెంలోనే. 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో ఒక మధ్యాహ్నమంతా పాత పత్రికలు తిరగేశాం. మా తాతముత్తాతలు పత్రికలకెక్కే పనులేమీ చేయలేదని రుజువైంది. అక్కడ పేపరు చదువుకుంటున్న పెద్దాయన ఒకరు మా గొడవ విని, "మీ ముత్తాత గయకు వెళ్ళారా? వెళ్ళి ఉంటే సంతకం అక్కడే ఉంటుంది" అన్నారు. నాన్నగారికి అప్పుడు గుర్తొచ్చింది. తన తాతగారు కాశీ నుంచి తెచ్చిన రాగి చెంబు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

కాశీలో మూడు రోజులు తెలుగు సత్రంలో ఉన్నాం. గదికి రోజుకు 700. పప్పు బాగుంది, అంతా సవ్యంగా జరిగింది. అక్కడి నుంచి గయకు కారుకు 6,800. సుమారు 250 కిలోమీటర్ల దారికి ఆరు గంటలు పట్టింది.

ఇక లాడ్జి. గదికి 2,400. గీజరు ఉంది, దాన్ని తగిలించడానికి ప్లగ్గు లేదు. బకెట్టు వేడినీళ్ళు 80 రూపాయలు. ఏసీ రిమోటుకు 500 డిపాజిట్టు. కిటికీ తెరిస్తే ఎదురుగా జనరేటరు. దిండు మీద మాకంటే ముందు పడుకున్నవాళ్ళ తలనూనె గుండ్రటి మచ్చగా ఉంది. మార్చమంటే కుర్రవాడు దిండును తిరగేసి పెట్టి వెళ్ళాడు. అవతలి వైపు మచ్చ ఇంకా పెద్దది. అమ్మ తన చీర మడిచి తలకింద పెట్టుకుని గోడవైపు తిరిగింది.

మర్నాడు ఆరింటికే మేనేజరు పంపిన మనిషి వచ్చాడు. మంచి తెలుగు మాట్లాడతాడు. కార్యక్రమానికి మొత్తం 13,000 అని, అందులో సగం ముందు తీసుకున్నాడు. తరువాత ప్లాస్టిక్ అట్ట వేసిన పుస్తకం తెరిచి, పైన "చీరాల" అని రాసి ఉన్న పుట చూపించాడు. 1928, మా ఇంటిపేరు, ఒక సంతకం! నాకు ఒళ్ళు జలదరించింది. నాన్నగారు కళ్ళజోడు పైకి తోసి, పుటను వెలుతురుకు ఎత్తి చూశారు. ఆయన ముప్ఫై నాలుగేళ్ళు సబ్ ట్రెజరీలో పనిచేసిన మనిషి. పుట వెనక్కి తిప్పి వేలితో తడిమారు. రాసిన గీతలు వెనక వైపు ఉబ్బెత్తుగా తగిలాయి.

"1928లో బాల్ పెన్ను ఎక్కడిది బాబూ?" అన్నారు.

అది పాత పుస్తకానికి నకలు అన్నాడు. అసలు పుస్తకం చూపించమంటే చెదలు తిన్నాయన్నాడు. ముందు రోజు రాత్రి లాడ్జి రిజిస్టరులో మా ఇంటిపేరూ ఊరూ మేమే పొడుగ్గా రాసిచ్చామని నాకు అప్పుడు వెలిగింది. డబ్బు తిరిగి రాలేదు. మేనేజరును అడిగితే ఆ మనిషి ఎవరో తనకు తెలియదన్నాడు. బిల్లు కట్టి, రిమోటు డిపాజిట్టు మాత్రం పట్టుబట్టి వెనక్కి తీసుకుని బయటపడ్డాం. అందులోనూ యాభై తగ్గించి ఇచ్చాడు.

విష్ణుపాద ఆలయం మెట్ల దగ్గర నరసరావుపేట నుంచి వచ్చిన బృందం కనిపించింది. గయలో ఏ ప్రాంతం యాత్రికులకు ఏ పండా ఇల్లో తరతరాలుగా పంచుకుని ఉంటుందని వాళ్ళే చెప్పారు. మమ్మల్ని వెంటబెట్టుకుని సందులోంచి సందులోకి తీసుకెళ్ళారు. అరుగు మీద పండుముసలి ఒకాయన కూర్చుని ఉన్నారు. ఇంటిపేరు అడగలేదు. గోత్రం అడగలేదు. "జిల్లా?" అన్నారు.

బాపట్ల అన్నాను. తల అడ్డంగా ఊపారు. ఆ జిల్లా పుట్టిందే 2022లో. ప్రకాశం అన్నాను. అదీ 1970 నాటిదే, మళ్ళీ తల అడ్డంగా ఊగింది. నాన్నగారు నన్ను ఆపి, "గుంటూరు జిల్లా, బాపట్ల తాలూకా" అన్నారు. ముసలాయన లోపలికి కేక వేశారు. మీరు వెళ్ళేముందు మీ ఊరు పాత రోజుల్లో ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉండేదో రాసుకుని వెళ్ళండి. 1859 నుంచి 1904 దాకా గుంటూరు జిల్లాయే లేదు. ఆ కాలం వాళ్ళను వెతకాలంటే కృష్ణా జిల్లా అనాలి.

గుమాస్తా తెచ్చిన బహీ మూర కంటే పొడుగు, జానెడు వెడల్పు. ఎర్రగుడ్డ అట్ట, పైన కట్టిన దారం. నల్ల సిరా గోధుమరంగుకు తిరిగింది. అంచులు పురుగు కొట్టి చిల్లులు పడ్డాయి. పుటలు పైకి తిప్పుతుంటే హిందీ పక్కన తెలుగు, తెలుగు కింద వేలిముద్రలు. నలభై నిమిషాలు పట్టింది. మా ఊరి పేరు దగ్గర గుమాస్తా వేలు ఆగింది. నాన్నగారు చదవకముందే సంతకం గుర్తుపట్టారు. "ఇంట్లో దస్తావేజు మీద ఉన్నదీ ఇదే. ఆ 'య' తోక చూడు, ఎంత కిందికి లాగారో."

భావ నామ సంవత్సరం, భాద్రపద బహుళ పంచమి. అంటే 1934. ఆ ఏడు జనవరిలోనే భూకంపం బీహారును కుదిపేసింది. ఎనిమిది నెలలకే మా ముత్తాత అంత దూరం రైళ్ళు మారి ఇక్కడికి వచ్చారు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు రాశారు. ఆ కింద ఒక గీత. గీత కింద అదే చేతిరాతలో "జనకులు" అని ఉంది. దాని ఎదురుగా మేమెవ్వరం ఎన్నడూ వినని మనిషి పేరు, వేరే ఇంటిపేరు, పర్చూరు వైపు ఒక ఊరు. ఆయనకు ముగ్గురు కొడుకులని, వాళ్ళ పేర్లు కూడా రాసి ఉన్నాయి. మూడో పేరు మా ముత్తాతది. ఎదురుగా "దత్తు వెళ్ళినది" అని ఉంది.

నాన్నగారు రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడిచి మూడోసారి చదివారు. తొంభై ఏళ్ళు మా ఇంట్లో ఒక్కరైనా ఈ మాట అనలేదు. గయలో తెలియనివాళ్ళ అరుగు మీద మాత్రం ఆయన స్వయంగా రాసి పెట్టారు.

"ఇప్పుడు పిండం ఎవరికి పెట్టాలి?" అన్నారు నాన్నగారు.

"ఇద్దరికీ. గయలో పెంచినవారికీ పెట్టవచ్చు, కన్నవారికీ పెట్టవచ్చు, పేరు తెలియనివారికీ పెట్టవచ్చు" అన్నారు పండా. సంభారాలతో సహా కార్యక్రమానికి 7,100. కన్నవారి వైపు పేర్లు కలిపినందుకు ఇంకో 1,100. పుస్తకం తీసినందుకు నాన్నగారు 1,116 చేతిలో పెట్టబోతే, "మీ తెలుగువాళ్ళు ఆ పదహారు వదలరు" అని నవ్వి, 2,116 దగ్గర తెగ్గొట్టారు. ఫోటోకు 500. ఒక్క రూపాయీ దండగ అనిపించలేదు.

తరువాత మా తరం వివరాలు రాయించమన్నారు. గుమాస్తా నాన్నగారి పేరు, తమ్ముడి పేరు, తమ్ముడి కొడుకు పేరు రాసి కలం మూత పెట్టబోయాడు. నా పేరు కూడా రాయమన్నాను. ఆడపిల్లల పేర్లు అత్తవారి పుస్తకంలో ఉంటాయన్నాడు. అక్కడ కోడళ్ళను రాస్తారా అని అడిగితే నీళ్ళు నమిలాడు. నాన్నగారు, "ఇంత దూరం తీసుకొచ్చింది ఆ అమ్మాయే, రాయి" అన్నారు. చిన్న అక్షరాలతో రాశాడు, అదైనా చాలు. అమ్మ ఇదంతా చూస్తూ, తన అమ్మమ్మ పేరు ఏమిటో తనకు తెలియదని మెల్లగా అంది. తల్లి నుంచి బిడ్డలకు దిగే మైటోకాండ్రియాను చూసే పరీక్ష వేరే ఉంది గాని, అదీ పేరు చెప్పదు.

ఫల్గు నదిలో ఇసుక తవ్వితే నీళ్ళు వస్తాయని నాన్నగారు చిన్నప్పటి నుంచి విన్నారు. 2022లో కట్టిన రబ్బరు డ్యాము వల్ల ఇప్పుడు ఘాట్ దగ్గర నీళ్ళు నిలిచి ఉంటున్నాయి. ఆయన కొంచెం నిరుత్సాహపడ్డారు. అక్షయవటం దగ్గర ఇష్టమైన కాయో పండో వదలాలి. అమ్మ కాకరకాయ వదులుతానంది. అది నీకు ఇష్టం కాదు కదా అని పండా కుర్రవాడు పట్టుకున్నాడు, ఎలా తెలిసిందో! చివరికి సీతాఫలం వదిలింది. నాన్నగారు వంకాయ వదిలారు. ఆ వారం అంతటిలో మా అమ్మ ముఖం నిజంగా వెలిగింది అప్పుడే, ఇంట్లో ఇక రోజూ వంకాయ అడగరని.

తిరుగు రైల్లో నాన్నగారు తమ్ముడికి ఫోను చేసి, పర్చూరు వైపు ఆ ఇంటిపేరు ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పారు. టొరంటోకు మళ్ళీ రాయమన్నారు, ఈసారి పుట ఫోటోతో సహా. మేము ఇంటికొచ్చి పద్దెనిమిది రోజులైంది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి, "ఆ టొరంటో అమ్మాయి ఏమైనా రాసిందా?" అని అడుగుతున్నారు. ఆ అమ్మాయికి అరవై ఒకటి.