ఎన్యానా, లోరీనా మెకెన్నిట్టా: సేదతీరడానికి ఏది మేలు?

కెల్టిక్ (ఐర్లాండ్, స్కాట్లాండ్ జానపద) ఛాయ ఉన్న న్యూ ఏజ్ (సేదతీర్చే మెత్తని) సంగీతాన్ని కొత్తగా వినబోయేవారికి ఎక్కువగా రెండు పేర్లు వినిపిస్తాయి. ఒకరు ఐర్లాండ్‌లోని డోనెగల్ ప్రాంతానికి చెందిన ఎన్యా, మరొకరు కెనడాకు చెందిన లోరీనా మెకెన్నిట్. పొగమంచు కమ్మిన అడవులు, పాత కోటలు ఇద్దరి పాటల్లోనూ కళ్ళకు కడతాయి. అయినా వినే వేళలు వేరు. నిద్రకు ముందు, చదువుకునేటప్పుడు ఎన్యానే మేలు. పక్కన ఏ పనీ పెట్టుకోకుండా కుదురుగా కూర్చుని వినాలంటే మెకెన్నిట్‌కు సాటి లేదు.

ఈ తేడా గొంతును రికార్డు చేసే తీరులోనే ఉంది. ఎన్యా ఒకే వరుసను ఎన్నోసార్లు పాడుతుంది, నిర్మాత నిక్కీ రయాన్ ఆ పొరలన్నిటినీ ఒకదానిపై ఒకటి పేరుస్తాడు. ఇన్ని గొంతుల్లో హల్లులు ఒకే క్షణంలో పడవు కాబట్టి వాటి పదును అరిగిపోతుంది. దానికి పొడవాటి ప్రతిధ్వని తోడైతే చెవికి చేరేది దాదాపు అచ్చుల ప్రవాహమే. మాటలు తెలియకపోతే మనసు అర్థం వెంట పరుగెత్తదు. లాటిన్, ఐరిష్ పాటలకూ, 2005 నాటి 'అమరంటైన్' కోసం గీతరచయిత్రి రోమా రయాన్ కల్పించిన లోక్సియన్ భాషకూ ఇదే బలం.

అయితే ఆల్బమ్ మొత్తం పెట్టేసి పడుకుంటే కుదరదు. 'వాటర్‌మార్క్' (1988) మెత్తని పియానోతో మొదలవుతుంది గానీ, రెండో పాట 'కర్సమ్ పెర్ఫిసియో'లో బృందగానం ఉవ్వెత్తున లేస్తుంది. 'స్టార్మ్స్ ఇన్ ఆఫ్రికా'లో డప్పుల హోరు. ఈ రెండూ తీసేసి 'మిస్ క్లేర్ రిమెంబర్స్', 'ఈవినింగ్ ఫాల్స్' లాంటివి ఉంచుకోవాలి. 'షెపర్డ్ మూన్స్' (1991)లో మూడు దెబ్బల నడకతో ఊగే 'కరిబియన్ బ్లూ' సాయంత్రాలకు చక్కగా సరిపోతుంది.

మెకెన్నిట్ గొంతు ఒంటరిగా, స్పష్టంగా ముందు నిలబడుతుంది. హార్ప్, చెల్లో, వయోలిన్, హర్డీ గర్డీ (చక్రం తిప్పి మోగించే తీగవాద్యం), ఊద్ (అరబ్బుల తీగవాద్యం) చుట్టూ చేరతాయి. తీగపై కమాను రాపిడి కూడా వినిపించడం వల్ల కాల్పనిక లోకం ఇక్కడే ఎక్కువ నిజమనిపిస్తుంది. ఈ విషయంలో ఎన్యా సింథసైజర్‌తో పరిచే మెత్తని నేపథ్య ధ్వనులు మెకెన్నిట్ వాద్యాలకు దిగదుడుపే. కానీ ఇవి కథాగేయాలు. 'ది విజిట్' (1991)లో టెన్నిసన్ కవితకు కట్టిన 'ది లేడీ ఆఫ్ షాలట్' 11 నిమిషాలకు పైనే సాగుతుంది. 'ది బుక్ ఆఫ్ సీక్రెట్స్' (1997)లోని 'ది హైవేమ్యాన్' తుపాకీ దెబ్బలతో ముగిసే విషాద ప్రేమకథ. కథ తేలేదాకా కన్ను మూతపడదు. ఇదే ఆల్బమ్‌లో మాటలు లేని 'లా సెరెనిసిమా'ను మాత్రం రాత్రిపూట నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

కర్ణాటక సంగీతం అలవాటైనవారికి ఒక మాట. ఐరిష్ బాణీల్లో తరచూ వచ్చే డోరియన్ స్వరాలు మన ఖరహరప్రియవే, మిక్సోలిడియన్ స్వరాలు హరికాంభోజివే. కింద శ్రుతిలా మోగే డ్రోన్ కూడా పరిచితమే. గమకాలు లేక మొదట కాస్త బోసిగా తోస్తుంది. అక్కడి అలంకారం స్వరాన్ని ఊపడం కాదు, పక్క స్వరాన్ని క్షణకాలం తాకి రావడం.

యూట్యూబ్‌లో దొరికే మూడేసి గంటల 'ఫ్యాంటసీ' మిక్స్‌లు మూడో దారి. మాటలు ఉండవు కాబట్టి నిద్రకు పనికొస్తాయి, కానీ ఏ వేణువు వాడారో చూసుకోవాలి. డి శ్రుతి టిన్ విజిల్ (చిన్న లోహపు ఐరిష్ వేణువు) అట్టడుగు స్వరమే సుమారు 587 హెర్ట్జ్. పై స్థాయిలో 2,000 దాటి, చెవి చురుగ్గా ఉండే ప్రాంతంలోకి వెళ్ళి గుచ్చుకుంటుంది. లో విజిల్ దానికి ఒక స్థాయి కింద, 294 దగ్గర మొదలవుతుంది. పడకకు అదే కావాలి.

మన ఇళ్ళలో సీలింగ్ ఫ్యాన్ హోరు ఇంకో చిక్కు. అది మంద్ర స్వరాలను మింగేస్తుంది, ఫోన్ స్పీకర్ వాటిని అసలే సరిగా పలికించదు. వినపడటం లేదని వాల్యూమ్ పెంచితే విజిల్ ఒక్కటే కీచుమంటుంది. వాల్యూమ్ పెంచే బదులు కాస్త పెద్ద స్పీకర్‌ను మంచానికి దగ్గరగా పెట్టండి. ఈక్వలైజర్‌లో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 3 డెసిబెళ్ళు తగ్గించండి. ఉచిత వీడియోల్లో నడిమధ్య ప్రకటన అరిచి లేపుతుంది కాబట్టి డౌన్‌లోడ్ చేసుకున్న ఫైలుకు స్లీప్ టైమర్ పెట్టుకోవడం నయం.

పొరల గొంతులూ కావాలి, అసలు వాద్యాలూ కావాలి అనేవారు క్లానడ్ దగ్గరికి వెళ్ళాలి. ఎన్యా తోబుట్టువులూ మేనమామలూ కలిసి నడిపిన బృందమది; 1980ల తొలినాళ్ళలో ఆమె కూడా అందులో పాడింది. 1982లో వచ్చిన 'హ్యారీస్ గేమ్' టీవీ నాటకపు ఇతివృత్త గీతంతో మొదలుపెట్టి, రాబిన్ హుడ్ టీవీ ధారావాహిక కోసం చేసిన 'లెజెండ్' (1984) వినండి.