చెరపనివ్వని కాగితం: హ్యాండ్‌మేడ్ పేపర్ మీద రెండేళ్ల బొగ్గు పని

రెండేళ్లలో నలభై షీట్ల దాకా అయిపోయాయి. అన్నీ నూలు గుడ్డ ముక్కలను గుజ్జు చేసి తీసిన దళసరి కాగితాలే. వీటిని బొగ్గు ఎంత బాగా పట్టుకుంటుందో అందరూ చెబుతారు. మొదటి ఆరు నెలలు నేనూ అదే పాట పాడాను. కపిలతీర్థం దగ్గర కూర్చుని కొండరాళ్లు గీస్తుంటే, బొగ్గు ముక్కను అడ్డంగా పెట్టి ఒక్కసారి లాగితే చాలు, రాతి గరుకు దానంతటదే వచ్చేసేది. నా చేతిలోనే ఏదో ఉందని మురిసిపోయాను గానీ, సగం పని కాగితమే చేసేది.

ఒక్కటే పీడ. చెరపనివ్వదు.

అది చంద్రగిరి కోటలో తెలిసొచ్చింది. రాజమహల్ ఎదురుగా చెట్టునీడన కూర్చుని రెండున్నర గంటలు గీశాను. మూడంతస్తులూ కుదిరాయి. కమానుల లోపలి చీకటి కోసం కంప్రెస్డ్ చార్‌కోల్ (అచ్చు వేసిన బొగ్గు కడ్డీ) గట్టిగా వత్తాను. తీరా చూస్తే కింది వరుసలో ఒక కమాను పక్కదానికంటే గోరంత వెడల్పు. పిండిముద్దలా మెత్తగా ఉండే రబ్బరు అద్దితే పైపొడి మాత్రం వచ్చింది. ఓపిక నశించి మామూలు పెన్సిల్ రబ్బరు తీశాను. నాలుగు రుద్దులకు నలుపు పోలేదు, పీచు లేచింది. ఇంకొంచెం రుద్దితే చిన్న చిన్న ఉండలు కట్టింది, ఉతికి ఉతికి పాడైన బనియన్‌లాగా. ఆ కాగితంలోకి వెళ్లినవీ బనియన్ గుడ్డ ముక్కలేనట, పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది! మళ్లీ బొగ్గు పెట్టేసరికి లేచిన పీచంతా నలుపు తాగేసి, రాజమహల్ గోడకు పుండు లేచినట్టయింది.

దీనికి మందు శ్రీకాళహస్తిలో దొరికింది, అదీ చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు. పక్క వీధిలో కలంకారీ వేసే ఇల్లు. పాలు, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, కాల్చిన చింతపుల్లతో ఒక పెద్దావిడ నెమలిని గీస్తోంది. మెడ నచ్చలేదేమో, గుడ్డను రెండుసార్లు దులిపింది. మెడ మాయం. నేను నోరు వెళ్లబెడితే, "కలం పట్టేదాకా నిలబడితే చాల్లే సామీ" అంది.

అప్పుడు వెలిగింది. కంప్రెస్డ్ అంటే బొగ్గుపొడికి బంక కలిపి అచ్చు వేసిందే కదా, అది పీచులోకి దిగి కూర్చుంటుంది. పుల్ల బొగ్గులో బంక లేదు, పైపైన నిలుస్తుంది.

ఇంటికొచ్చి పాలపొడి డబ్బాలో చింతపుల్లలు కుక్కి కాల్చాను. తొందరపడి వేడి మీదే మూత తీస్తే గాలి తగిలి రాజుకున్నాయి, బూడిదే మిగిలింది. రెండోసారి మూతకు మేకుతో చిల్లి పెట్టి, పొగ ఆగాక దించి, రాత్రంతా ముట్టుకోలేదు. పొద్దున ఒకటి విరిస్తే టిక్కుమంది.

ఇప్పుడు ముందు చింతబొగ్గుతోనే గీస్తాను, తప్పితే మెత్తటి గుడ్డతో దులుపుతాను, కుదిరిన చోట మాత్రమే కంప్రెస్డ్ పెడతాను. కోపం సగం తగ్గింది. అలాగని పుల్ల బొగ్గుతో చిక్కటి నలుపు రాదు, మోచెయ్యి తగిలితే బొమ్మ చొక్కాకెక్కుతుంది. బొగ్గు రాలకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ ద్రవం కొడితే లేత నీడలు కాస్త ముదురుతాయి. పైన నేను మెచ్చుకున్న ఆ గరుకు కూడా రాళ్లకే బాగుంటుంది. అమ్మమ్మ మొహం గీస్తే బుగ్గల నిండా స్ఫోటకం మచ్చలు వచ్చినట్టుంది, ఆమెకు ఇంతవరకూ చూపించలేదు.

నాకు దొరికేది ఆదివారం పొద్దున రెండు గంటలు, గీసేవి కొండలూ పాత గోడలూ. అందుకే ఇంకో పది షీట్లు తెప్పించుకున్నాను. డ్రాయింగ్ పరీక్షకు తయారవుతున్న మా మేనకోడలికి మాత్రం మామూలు కార్ట్రిడ్జ్ పేపరే కొనిచ్చాను. చింతబొగ్గు కూడా ఎన్నాళ్లు సాగుతుందో చూడాలి, మిద్దె మీద పొగ పెడుతున్నానని ఇంటి ఓనరు ఇప్పటికే రెండుసార్లు అడిగాడు.