లినక్స్‌లో మూడు సౌండ్ కార్డుల వరుస: దీర్ఘకాలం వాడాక నా అభిప్రాయం

డెబియన్ అనే లినక్స్ రకం నడుస్తున్న నా డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డుతో వచ్చిన సౌండ్ కార్డు, గ్రాఫిక్స్ కార్డులోని హెచ్‌డీఎంఐ ఆడియో, గొంతు రికార్డు చేసుకోవడానికి కొన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఉన్నాయి. వీటి వరుసను, అంటే శబ్దం ముందుగా దేనికి వెళ్లాలో నిర్ణయించే మూడు పద్ధతులనూ కొన్నేళ్లుగా వాడుతున్నాను. అవి మూడూ పనిచేస్తాయి కానీ, మూడింటినీ ఒకే స్థాయిలో నమ్మలేము.

కెర్నెల్‌లో (లినక్స్ మూల భాగంలో) శబ్దాన్ని చూసుకునే ఆల్సా వ్యవస్థ, డ్రైవర్లు కార్డులను గుర్తించిన క్రమాన్ని బట్టి వాటికి 0, 1, 2 అని సంఖ్యలు ఇస్తుంది. వేరే ఏర్పాటేదీ లేకపోతే 0వ కార్డే డిఫాల్ట్ అవుతుంది. బూటయ్యే సమయంలో యూఎస్‌బీ పరికరం కాస్త ముందు దొరికితే ఆ స్థానం దానికే దక్కుతుంది, స్పీకర్లు మూగబోతాయి.

డ్రైవర్లను లోడ్ చేసే మోడ్‌ప్రోబ్ సెట్టింగుల్లో డ్రైవర్‌కు ఇండెక్స్, అంటే కార్డు సంఖ్య, ఇవ్వడం పాత పద్ధతి. యూఎస్‌బీ ఆడియో డ్రైవర్‌కు ఇండెక్స్ −2 అని రాస్తే అది 0వ స్థానాన్ని తీసుకోదు, ఆ మేరకు ఇది నమ్మదగినదే. చిక్కంతా మదర్‌బోర్డు కార్డు, హెచ్‌డీఎంఐ రెండూ ఒకే హెచ్‌డీఏ ఇంటెల్ డ్రైవర్‌తో నడవడంలో ఉంది. అప్పుడు ఇండెక్స్‌ను 1,0 అని జంటగా ఇవ్వాలి, ఏ సంఖ్య ఏ కార్డుకు చెందుతుందో మళ్లీ ఆ డ్రైవర్ వాటిని గుర్తించే క్రమమే తేలుస్తుంది. హెచ్‌డీఎంఐ అక్కర్లేదని ఆ డ్రైవర్‌ను బ్లాక్‌లిస్ట్ చేస్తే (లోడ్ కాకుండా ఆపితే) మదర్‌బోర్డు శబ్దం కూడా దానితోపాటే పోతుంది.

అందుకే కార్డును సంఖ్యతో కాక పేరుతో పిలవడమే నాకు నచ్చింది. ప్రాక్ కింద ఎసౌండ్ ఫోల్డర్‌లోని కార్డ్స్ ఫైలు (/proc/asound/cards) తెరిస్తే, ప్రతి సంఖ్య పక్కనా చదరపు కుండలీకరణాల్లో పీసీహెచ్ (మదర్‌బోర్డు కార్డు), ఎన్విడియా (గ్రాఫిక్స్ కార్డు) వంటి పొట్టి పేర్లు కనిపిస్తాయి. ఆల్సా సెట్టింగులుండే ఎసౌండ్ కాన్ఫ్ (asound.conf) ఫైలులో డిఫాల్ట్ కార్డుగా ఆ పేరే రాస్తే, రేపు సంఖ్యలు తారుమారైనా శబ్దం రావలసిన చోటునుంచే వస్తుంది. అందులో శబ్దం వెళ్లే కార్డును చెప్పే పీసీఎం పంక్తితో పాటు వాల్యూమ్ నియంత్రణల కార్డును చెప్పే సీటీఎల్ పంక్తినీ రాయాలి, లేకపోతే వాల్యూమ్ మార్చే ప్రోగ్రామ్ ఆల్సామిక్సర్ వేరే కార్డు వాల్యూమ్‌ను చూపిస్తూ ఉంటుంది. ఒకే మోడల్ యూఎస్‌బీ పరికరాలు రెండు తగిలించిన చోట మాత్రం ఈ పద్ధతి తడబడుతుంది, ఎందుకంటే రెండోదాని పేరు చివర 1 చేరుతుందే తప్ప ఏది రెండోదో ఖాయంగా చెప్పలేము.

డెస్క్‌టాప్‌లో ఇప్పుడు వీటన్నిటి పైన పైప్‌వైర్ అనే సౌండ్ సర్వర్ (ప్రోగ్రాముల శబ్దాన్ని కార్డులకు చేర్చే సాఫ్ట్‌వేర్), ఏ పరికరాన్ని వాడాలో తేల్చే దాని సెషన్ నిర్వాహకుడు వైర్‌ప్లంబర్ కూర్చుంటున్నాయి. ఫెడోరా 2021లో, ఉబుంటు 2022లో పైప్‌వైర్‌ను డిఫాల్ట్ చేశాయి. ఇక్కడ ఆల్సా సంఖ్యతో దాదాపు పనే లేదు. డిఫాల్ట్‌గా ఎంచుకున్న పరికరాన్ని వైర్‌ప్లంబర్ పూర్తి పేరుతో గుర్తుంచుకుంటుంది, యూఎస్‌బీ పరికరాల విషయంలో ఆ పేరులో సాధారణంగా సీరియల్ నంబరు కూడా ఉంటుంది. ఎంచుకున్నది అందుబాటులో లేనప్పుడు దేనికి పోవాలో ప్రయారిటీ సెషన్ అనే విలువ తేలుస్తుంది. అయితే 2024లో వచ్చిన వైర్‌ప్లంబర్ 0.5 వెర్షన్ లువా భాషలో రాసే పాత సెట్టింగు ఫైళ్లను పక్కనపెట్టి కొత్త ఫార్మాట్‌కు మారింది కనుక, డెబియన్ 12 నుంచి 13కు వెళ్లేవారు తమ నియమాలను తిరగరాసుకోక తప్పదు.

సౌండ్ సర్వర్ లేని చిన్న మ్యూజిక్ బాక్సుకు ఎసౌండ్ కాన్ఫ్‌లో పేరు రాస్తే చాలు. డెస్క్‌టాప్‌లో నేను శబ్ద సెట్టింగుల ప్రోగ్రామ్ పావుకంట్రోల్ తెరిచి, కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో హెచ్‌డీఎంఐ ప్రొఫైల్‌ను ఆఫ్ చేసి, మిగిలిన రెండింటి మధ్య మాత్రమే ప్రాధాన్యం నిర్ణయించుకుంటున్నాను.