తీరికకు కూడా మార్కులు వేసే వాచీ: ఏడు నెలల వాడకం తర్వాత

ఒత్తిడిని కొలిచి చెప్పే స్మార్ట్ వాచీని నేను కొన్నది ఒత్తిడి తగ్గించుకోవడానికి కాదన్న సంగతి, ఏడు నెలలు వాడి ఈ సమీక్ష రాయడానికి కూర్చున్నప్పుడు గాని నాకు స్పష్టం కాలేదు. నేను ఎంత నలిగిపోతున్నానో చెప్పడానికి ఒక సాక్షి కావాలనిపించింది, అందుకే కొన్నాను. "క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు" అని పెద్దలు ఎగతాళిగా అన్న మాటలో మొదటి సగాన్ని మాత్రం బిరుదులా తగిలించుకుని తిరిగేవాళ్లలో నేనొకణ్ణి. ఎవరైనా పలకరిస్తే "ఊపిరి సలపడం లేదండీ" అని జవాబు చెప్పడంలో నాకు దొరికే తృప్తి, ఏ పనీ మిగలని సాయంత్రం ఏదో పోగొట్టుకున్నవాడిలా ఇల్లంతా తిరిగి చివరికి నిన్ననే సర్దిన అల్మరాను మళ్లీ సర్దడం, ఈ రెండూ ఒకే జబ్బుకు రెండు లక్షణాలని అప్పట్లో తోచలేదు.

వాచీ తయారు చేసిన కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే మంచీ చెడూ ఈ రకం వాచీలు చాలావాటికి వర్తిస్తాయి కాబట్టి పేరుతో పెద్దగా పని లేదు.

ముందుగా ఇది కొలిచేదేమిటో తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే పెట్టె మీద రాసినదానికీ లోపల జరిగేదానికీ కొంత దూరం ఉంది. వాచీ అడుగున ఉన్న ఆకుపచ్చ దీపం చర్మంలోకి కాంతిని పంపి, రక్తనాళాల్లో రక్తం పెరిగి తరిగే తీరును గమనించి, దాన్నిబట్టి ఒక గుండె చప్పుడుకూ మరొక చప్పుడుకూ మధ్య ఎంత వ్యవధి ఉందో లెక్క కడుతుంది. ఆరోగ్యంగా, నెమ్మదిగా ఉన్న మనిషి గుండె గడియారంలా సమానంగా కొట్టుకోదు. గాలి పీల్చినప్పుడు కొంచెం వేగంగానూ, వదిలినప్పుడు కొంచెం నిదానంగానూ కొట్టుకుంటుంది. శరీరం ఏదో ఆపద ఎదుర్కోవడానికి సిద్ధమైనప్పుడు ఆ హెచ్చుతగ్గులు తగ్గిపోతాయి. ఈ తగ్గుదలనే వాచీ సున్నా నుంచి నూరు వరకు ఉన్న ఒక అంకెగా మార్చి "ఒత్తిడి" అని పేరు పెడుతుంది. అయితే సరిగా నిద్ర లేకపోయినా, జ్వరం తగిలినా, మద్యం తాగినా అదే తగ్గుదల కనిపిస్తుంది. సంతోషంతో గుండె వేగంగా కొట్టుకుంటోందో, భయంతో కొట్టుకుంటోందో మణికట్టు మీది దీపానికి తెలియదు. పైగా చెయ్యి కదులుతున్నంతసేపు కొలత కుదరదు కనుక, అటూ ఇటూ తిరిగే పని రోజున గ్రాఫులో సగం ఖాళీగానే ఉంటుంది. ఈ పరిమితులను కంపెనీ సూచనల పుస్తకంలో చిన్న అక్షరాల్లో పెట్టడం నాకు నచ్చలేదు.

మొదటి నెల వాచీ నన్ను బాగు చేయలేదు సరికదా, మరింత చెడగొట్టింది. గంటకోసారి మణికట్టు మీద అదిరి "ఒక నిమిషం ఊపిరి మీద దృష్టి పెట్టండి" అనేది. ఆ సలహాలో తప్పు లేదు. నిమిషానికి ఆరు సార్ల చొప్పున నిదానంగా శ్వాస తీసుకుంటే గుండె లయలోని ఆ హెచ్చుతగ్గులు పెరుగుతాయన్నది బాగా స్థిరపడిన విషయమే. చిక్కంతా ఆ నిమిషం పూర్తి కాగానే వచ్చే పతకంతోనూ, వరుసగా ఎన్ని రోజులు చేశామో చూపే లెక్కతోనూ వచ్చింది. ఒక రాత్రి పన్నెండుకు పది నిమిషాలు తక్కువగా ఉండగా, ఇరవై మూడు రోజుల వరుస తెగిపోతుందేమోనన్న కంగారుతో, నిద్రమత్తులో మంచం మీద లేచి కూర్చుని, పళ్లు బిగించి ప్రశాంతంగా ఊపిరి తీసుకున్నాను. ఛార్జింగు అయిపోయి రెండు గంటల కొలత ఖాళీ పడితే ఆ రెండు గంటలూ నేను బతకనట్టే బాధపడేవాణ్ణి. ఉదయం కళ్లు తెరవగానే నిద్రకు ఎన్ని మార్కులు వచ్చాయో చూసుకుని, తక్కువ వస్తే, అప్పటిదాకా హాయిగా ఉన్న ఒళ్లు ఒక్కసారిగా బరువెక్కేది. ఇటువంటి పరికరాల అంకెల కోసం పాకులాడి నిద్ర పాడుచేసుకునేవారి గురించి వైద్య పరిశోధకులు 2017లోనే రాసి, ఆ స్థితికి ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు. విశ్రాంతి కూడా ఒక గడువున్న పనై కూర్చుంటే, పని పిచ్చి ఉన్నవాడికి అంతకన్నా ఆనందం ఏముంటుంది?

అయినా వాచీని తీసి పారేయకపోవడానికి ఒకే ఒక్క గ్రాఫు కారణం. ఒక సెలవు రోజు మధ్యాహ్నం, చేతిలో ఫోను గాని పుస్తకం గాని లేకుండా ఊరికే కుర్చీలో కూర్చుందామని ప్రయత్నించాను. తర్వాత చూస్తే, ఆ కూర్చున్న మొదటి పది నిమిషాల్లో గీత నిలువునా లేచి ఉంది. గడువున్న పని చేస్తూ బల్ల ముందు కదలకుండా కూర్చున్న గంటల్లో కూడా అది అంత పైకి పోలేదు. నన్ను ఒత్తిడికి గురిచేస్తున్నది పని అని ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. పని ఆగితే ఏమవుతుందోనన్న బెంగ అంతకన్నా ఎక్కువగా నలుపుతోందని తొలిసారి అనుమానం కలిగింది. ఒక్క గ్రాఫుతో ఏదీ రుజువు కాదు గనుక అదే కుర్చీలో, అదే వేళకు పదిహేను రోజులు కూర్చున్నాను. దాదాపు ప్రతిసారీ గీత ముందు ఎగసింది. లేచి ఏదో ఒకటి సర్దిన రోజుల్లో తర్వాత ఏమైందో తెలియలేదు, చెయ్యి కదలడంతో కొలత ఆగిపోయింది కాబట్టి. లేవకుండా ఓర్చుకున్న రోజుల్లో మాత్రం ఇరవయ్యో నిమిషం ప్రాంతంలో దానంతట అదే కిందికి దిగింది. ఆ అలజడి అణగాలంటే ఏదో ఒక పని చేసి తీరాలని నేను నమ్మేవాణ్ణి. ఏమీ చేయకపోయినా అది అణగుతుందని ఎవరు చెప్పినా వినేవాణ్ణి కాదు, గీత చూపిస్తే విన్నాను.

ఖాళీగా కూర్చోవడం కష్టమన్నది నా ఒక్కడి అనుభవం కాదు. 2014లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో మనుషులను పదిహేను నిమిషాలు ఒంటరిగా, తమ ఆలోచనలతో మాత్రమే కూర్చోమని, కావాలంటే మీట నొక్కి తమకు తామే కరెంటు షాకు ఇచ్చుకోవచ్చని చెప్పారు. ఆ షాకు తప్పించుకోవడానికి తామే డబ్బు ఇస్తామని అంతకుముందే చెప్పినవారిలోనే, 18 మంది మగవారిలో 12 మంది, 24 మంది ఆడవారిలో ఆరుగురు మీట నొక్కుకున్నారు. అల్మరా సర్దడం అంతకన్నా నయమని నన్ను నేను ఓదార్చుకున్నాను.

ఆ తర్వాత వాచీలో చాలా భాగాన్ని మూసేశాను. గంట గంటకూ వచ్చే హెచ్చరికలు, పతకాలు, వరుస రోజుల లెక్క, నిద్ర మార్కులు, ఆఫీసు మెయిళ్ల నోటిఫికేషన్లు అన్నీ తీసివేస్తే, ముఖం మీద సమయమూ తేదీ మాత్రం మిగిలాయి. వారానికి ఒక్కసారి ఫోను యాప్‌లో గ్రాఫు చూస్తాను. ఇలా వాడితే ఈ వాచీ మంచి వస్తువు. కొన్నప్పుడు ఉన్న అమరికతోనే వాడితే, నాలాంటి మనిషికి కాలుగాలిన పిల్లి మెడలో గంట కట్టినట్టే. హెచ్చరికలు ఎక్కడ ఆపాలో వెతకడానికి నాలుగు పుటలు దాటి వెళ్లాల్సి రావడం కేవలం పొరపాటు అయి ఉండదని నా అనుమానం.

వాచీ చేయలేనిది కూడా చెప్పాలి. గీత ఎందుకు లేచిందో అది చెప్పదు. నా విషయంలో కారణం తరచుగా సగంలో ఆగిన పనులే. పూర్తి కాని పనులు పూర్తయినవాటికన్నా ఎక్కువగా మనసులో మెదులుతాయని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లో రాశారు. అలా మెదలడం ఆగడానికి పని పూర్తి చేయనక్కరలేదని, ఎప్పుడు ఎలా చేస్తామో స్పష్టంగా నిర్ణయించుకున్నా చాలావరకు సరిపోతుందని 2011లో మాసికాంపో, బౌమీస్టర్ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగాలు చూపాయి. కాబట్టి పని ముగించే ముందు, మిగిలిన వాటిని రేపు ఏ వేళకు చేస్తానో ఒక కాగితం మీద రాసి బల్ల సొరుగులో పెడుతున్నాను. వాచీ చేసిన మేలుకన్నా ఈ కాగితం చేసిన మేలే ఎక్కువ, దానికి ఛార్జింగు కూడా అక్కర్లేదు.

తీరిక దొరికినా కూర్చోలేనివారికి, అంకె చూపితే తప్ప నమ్మని స్వభావం ఉన్నవారికి దీన్ని సిఫారసు చేస్తాను. ప్రతి అంకెనూ పోటీగా తీసుకునేవారు దూరంగా ఉండడం మంచిది. ఛాతీ నొప్పి, వారాల తరబడి నిద్ర పట్టకపోవడం వంటివి ఉన్నవారు వాచీ దుకాణానికి కాకుండా వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. ఇక నిజంగానే తలకు మించిన పని నెత్తిన పడినవారి సంగతి వేరు. వారానికి 55 గంటలు, ఆ పైన పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ప్రకటించాయి. ఆ గంటలు తగ్గించవలసింది యజమాని. అటువంటి చోట ఉద్యోగులందరికీ ఈ వాచీలు పంచిపెట్టి చేతులు దులుపుకోవడం నాకు మోసంగానే కనిపిస్తుంది.

మిగతా విషయాలు క్లుప్తంగా: పట్టీ మెత్తగా ఉంది, ఎండలోనూ అంకెలు కనిపిస్తాయి, చేతికి వదులుగా కడితే కొలతలు తప్పుతాయి. ఒకసారి ఛార్జింగు పెడితే ఐదు రోజులు వస్తుందన్న మాట నిజమే. ఈ వాక్యం రాస్తుండగానే అది కాస్తా అయిపోయి వాచీ ఆగిపోయింది. ఛార్జరు పక్క గదిలో ఉంది. రేపు పెడతాను.