రోజుకి 38 డాలర్లన్న కారు చివరికి 106 ఎలా అయిందంటే

ముందు కారు సంగతి చెప్పేస్తాను, దాని మీద నాకు ఏ కంప్లయింటూ లేదు కాబట్టి. కొరోలా సైజు సెడాన్, ఇరవై వేల మైళ్లు కూడా తిరగలేదు, నాలుగు పెద్ద సూట్‌కేసుల్లో మూడు డిక్కీలో పట్టాయి, నాలుగోది వెనక సీట్లో మా అమ్మకీ బాబుకీ మధ్య కూర్చుంది. వారం రోజులు ఒక్క చోట కూడా మొరాయించలేదు. నా గోలంతా రేటు గురించే. ఆ గోలలో సగం కంపెనీది, సగం మాదే. కంపెనీ పేరు రాయట్లేదు, పక్క కౌంటర్‌కి వెళ్లినా ఇదే కథ నడుస్తుందని ఆ తర్వాత అర్థమైంది.

మాది కాకినాడ. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫ్రీమాంట్‌లో అక్కా బావగారూ ఉంటారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగి, రెండ్రోజులు వాళ్లింట్లో ఉండి, యోసెమిటీ చూసుకుని, సముద్రం పక్కన హైవే వన్ మీదుగా లాస్ ఏంజెల్స్ వెళ్లి, అక్కడ కారిచ్చేసి ఇంటికి ఫ్లైటెక్కాలని ప్లాన్. బావగారు వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేసి ఆయన ల్యాప్‌టాప్ నుంచే బుక్ చేశారు. రోజుకి 38 డాలర్లు, వారానికి 266. పన్నులూ ఫీజులూ కలిపాక 363 చూపించింది. ఇప్పుడే డబ్బు కట్టేస్తే ఇరవై డాలర్లు తగ్గుతుందంటే కట్టేశాం, 363 అంటే ఆ తగ్గింపు పోయాక మిగిలిందే. ఇన్సూరెన్స్ సంగతి అడిగితే "అదంతా కౌంటర్లో అంటగడతారమ్మా, వద్దని చెప్పెయ్, ఇక్కడ ఎవరూ తీసుకోరు" అన్నారు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు, అదే అసలు తంటా. అక్కడ ఉండేవాళ్లకి సొంత కారు ఉంటుంది, దాని పాలసీ చాలావరకు అద్దె కారుకి కూడా వర్తిస్తుంది, పైగా అక్కడి క్రెడిట్ కార్డుల్లో కొన్నింటికి అద్దె కారు డ్యామేజీ కవర్ ఉంటుంది. అందుకే వాళ్లు ధైర్యంగా వద్దంటారు. కాకినాడ నుంచి వెళ్లిన మనకి ఆ రెండూ లేవు. "నా కార్డు వాడు, కవర్ ఉంది" అని కూడా అన్నారు బావగారు. ఆ కవర్ పనిచేయాలంటే కార్డున్న మనిషి పేరు మీదే కారు తీసుకోవాలి, ఆ కార్డుతోనే కట్టాలి. అన్నీ కుదిరినా అది మనం తీసుకున్న కారుకే. మనం గుద్దిన ఎదుటి కారుకీ, అందులో ఉన్న మనిషి ఆసుపత్రి బిల్లుకీ ఆ కార్డు ఒక్క డాలరు కూడా ఇవ్వదు. అమెరికాలో ఆసుపత్రి బిల్లు ఎంతవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఎయిర్‌పోర్టులో ఎయిర్‌ట్రెయిన్ ఎక్కి రెంటల్ కార్ సెంటర్‌కి వెళ్తే ముప్పావు గంట క్యూ. ఇరవై గంటల ప్రయాణం చేసొచ్చి, పిల్లాడు ఏడుస్తుండగా ఆ కౌంటర్ దగ్గర నిలబడి నిర్ణయాలు తీసుకోవడం ఎలా ఉంటుందో అనుభవించిన వాళ్లకి తెలుస్తుంది. కౌంటర్లో అబ్బాయి మర్యాదగానే ఉన్నాడు. "మీకు అమెరికాలో కారు పాలసీ ఉందా?" అన్నాడు. లేదన్నాను. రెండు పేర్లు చెప్పాడు. మొదటిది ఎల్‌డీడబ్ల్యూ, రోజుకి 31. నిజానికి అది ఇన్సూరెన్స్ కూడా కాదు, కారుకి దెబ్బ తగిలినా దొంగతనం జరిగినా మిమ్మల్ని డబ్బు అడగం అని కంపెనీ రాసిచ్చే మాట. రెండోది ఎస్‌ఎల్‌ఐ, రోజుకి 19, ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి. బేస్ రేటులో ఎదుటివాళ్ల కోసం ఏదైనా ఉన్నా, రాష్ట్ర చట్టం చెప్పే కనీస మొత్తానికి మించి ఉండదు. కాలిఫోర్నియాలో ఆ కనీసం 2025 జనవరి నుంచి పెరిగింది, పెరిగాక కూడా ఒక మనిషి గాయాలకి 30 వేల డాలర్లు, మొత్తం యాక్సిడెంట్‌లో గాయాలకి 60 వేలు, ఆస్తి నష్టానికి 15 వేలు. ఆ దేశంలో ఒక మంచి ఎలక్ట్రిక్ కారుని గుద్దితే 15 వేలు బంపర్‌తోనే మొదలై ఎక్కడ ఆగుతాయో.

రెండూ తీసుకున్నాను. బావగారికి ఫోన్ చేస్తే "అయ్యో, అంతెందుకు" అన్నారు, నేను "ఉండండి బావగారూ" అని పెట్టేశాను. ముందు కట్టిన 363కి తోడు వారానికి 217 ప్లస్ 133, వాటి మీద మళ్లీ చిల్లర ఫీజులు, అన్నీ కలిపి 742 అయింది, అంటే రోజుకి 106. ఖర్చు తడిసి మోపెడు అంటారే, సరిగ్గా అదే.

ఇప్పుడు అసలు మంట. యోసెమిటీ దగ్గర హోటల్లో నిద్రపట్టక, అదే కంపెనీ సైట్‌లో అవే తేదీల తరహాలో ఒక వారం పెట్టి, "మీరు ఉండే దేశం" అన్న చోట అమెరికా తీసేసి ఇండియా పెట్టాను. 518 వచ్చింది. అందులో ఎల్‌డీడబ్ల్యూ ఉంది, ఎస్‌ఎల్‌ఐ ఉంది, పన్నులు ఉన్నాయి. అదే కంపెనీ, అదే సైజు కారు. బయటి దేశం వాళ్లకి అక్కడ పాలసీ ఉండదని కంపెనీలకీ తెలుసు, అందుకే ఇండియా, యూకే లాంటి దేశాల నుంచి బుక్ చేసేవాళ్లకి అన్నీ కలిపిన రేట్లు ఇస్తుంటారు, కౌంటర్లో విడిగా కొన్నదానికంటే ఇది చాలావరకు చవక. మేము బావగారి ల్యాప్‌టాప్‌లో చేశాం కాబట్టి సైట్ మమ్మల్ని అక్కడివాళ్లం అనుకుంది. 224 డాలర్లు, దగ్గర దగ్గర ఇరవై వేల రూపాయలు, ఒక్క డ్రాప్‌డౌన్ డబ్బాలో పోయాయి. ముందే డబ్బు కట్టకుండా పే లేటర్ పెట్టుకుని ఉంటే ఫ్లైటెక్కే ముందు రోజు కూడా ఫ్రీగా క్యాన్సిల్ చేసి మార్చుకోగలిగేవాళ్లం. ఇరవై డాలర్ల కక్కుర్తి.

ఫీజుల లిస్టులో నన్ను బాగా ఆకర్షించింది 11.11 శాతం అనే అంకె. అమెరికాలో చాలా ఎయిర్‌పోర్టుల్లో కనిపిస్తుందిది, పేరు కన్సెషన్ రికవరీ. ఎయిర్‌పోర్టు తన ఆవరణలో వ్యాపారం చేసుకోనిచ్చినందుకు అద్దె కంపెనీ వసూళ్లలో 10 శాతం తీసుకుంటుంది. కంపెనీ ఆ పదినీ మన మీద వేస్తుంది. అయితే మన దగ్గర వసూలు చేసిన ఆ పది కూడా వసూళ్ల కిందే లెక్క కదా, దాని మీదా ఎయిర్‌పోర్టుకి పదో వంతు ఇవ్వాలి. అందుకని 90 ఉంచుకోవాలంటే 100 వసూలు చేయాలి, పదిని తొంభైతో భాగిస్తే 11.11. అంటే వాళ్ల అద్దె మీద అద్దె కూడా మనమే కడుతున్నాం. కాలిఫోర్నియాలో దీనికి తోడు టూరిజం పేరుతో 3.5 శాతం. ఎయిర్‌పోర్టు ఫీజు తప్పించుకోవాలంటే ఊళ్లో బ్రాంచిలో తీసుకోవాలి. మాకు ఫ్రీమాంట్‌లో తీసుకునే వీలు నిజంగానే ఉంది, బావగారే వచ్చి పికప్ చేసుకునేవారు, రెండ్రోజుల అద్దె కూడా మిగిలేది. కాకపోతే ఊళ్లో బ్రాంచిలు చాలావరకు సాయంత్రానికే మూసేస్తారు, ఆదివారం అసలు తీయనివీ ఉన్నాయి, అది చూసుకోవాలి.

మాకు కలిసొచ్చినవి కూడా చెప్పాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో తీసుకుని లాస్ ఏంజెల్స్‌లో ఇచ్చినందుకు మాకు డ్రాప్ చార్జి పడలేదు. అదే సరదాకి లాస్ వేగాస్‌లో ఇస్తామని పెట్టి చూస్తే 300 పెరిగింది. కాలిఫోర్నియాలో రెండో డ్రైవర్‌కి విడిగా డబ్బు తీసుకోరు, మా ఆయన పేరు కూడా రాయించాం. ఫ్రీ కదా అని వదిలేయొద్దు, లైసెన్సు చూపించి కాగితం మీద పేరు ఎక్కించుకోవడమే మంచిది. పేరు లేని మనిషి నడిపి గుద్దితే మనం కొన్న 31 డాలర్ల మాట చెల్లకుండా పోవచ్చు. "ఒక్క రౌండ్ నేను వేస్తా" అన్న బావగారికి కూడా అందుకే తాళం ఇవ్వలేదు, కాస్త ముఖం ముడుచుకున్నారు. పాతికేళ్ల లోపు వాళ్లయితే రోజుకి మళ్లీ విడిగా బాదుతారు, మేము ఆ వయసు దాటి చాలా కాలమైంది.

బాబుకి ఆరేళ్లు. కాలిఫోర్నియాలో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి సీటో బూస్టరో తప్పనిసరి. కౌంటర్లో రోజుకి 14 అన్నారు, అంటే వారానికి 98. అక్క తన ఫ్రెండ్ దగ్గర అడిగి ఎయిర్‌పోర్టుకే తెచ్చింది. ఎవరూ లేకపోయినా వాల్‌మార్ట్‌లో కొత్త బూస్టర్ కొనుక్కుంటే ఇంతకంటే తక్కువవుతుంది. పెట్రోలు ముందే కొనేసుకోండి, ఖాళీ ట్యాంకుతో తిరిగివ్వచ్చు అన్నారు. మిగిలిన పెట్రోలుకి పైసా తిరిగివ్వరు, సరిగ్గా చివరి చుక్క దగ్గర ఎయిర్‌పోర్టు చేరేంత లెక్క నాకు రాదు, వద్దన్నాను. ఒక చిన్న ఇబ్బంది, బంకులో మన కార్డు పెడితే జిప్ కోడ్ అడుగుతుంది, కాకినాడ పిన్ కోడ్ కొడితే ఒప్పుకోదు. లోపలికెళ్లి పంపు నెంబరు చెప్పి ముందు డబ్బు కట్టి రావాలి.

టోల్ గురించి అక్క ముందే హెచ్చరించింది, ఆ ఒక్క విషయంలో మేం గెలిచాం. గోల్డెన్ గేట్ బ్రిడ్జి మీద డబ్బు తీసుకునే మనుషులు 2013 నుంచే లేరు, కెమెరా నెంబర్ ప్లేటు ఫోటో తీస్తుంది. ఊళ్లోకి వచ్చేవైపే టోల్, సుమారు పది డాలర్లు. మనమేం చేయకపోతే కంపెనీ టోల్ స్కీమ్‌లో పడిపోతాం. వాళ్లు టోల్‌తో పాటు రోజువారీ సేవా రుసుము వేస్తారు, కొన్ని కంపెనీలైతే బ్రిడ్జి దాటని రోజులకి కూడా వేస్తాయి. దాటిన 48 గంటల్లోపు టోల్ వాళ్ల సైట్‌లో ప్లేటు నెంబర్ కొట్టి మనమే కట్టేయొచ్చు. ఆ రాత్రే కట్టేశాను. 880 హైవే మీద ఖాళీగా కనిపించిన ఎక్స్‌ప్రెస్ లేన్లోకి, అంటే విడిగా టోల్ పడే లేన్లోకి, మా ఆయన దూరబోతే నేను అరిచిన అరుపుకి అమ్మ నిద్రలేచింది. అసలే ఇండికేటర్ వేయాల్సినప్పుడల్లా వైపర్లు తిప్పుతున్న మనిషి.

కారు తిరిగివ్వడం కూడా ఒక టెన్షనే. అద్దె రోజంటే క్యాలెండర్ రోజు కాదు, 24 గంటలు. నాలుగింటికి తీసుకుంటే నాలుగింటికే ఇవ్వాలి. మా కంపెనీ 29 నిమిషాల వెసులుబాటు ఇచ్చింది. లాస్ ఏంజెల్స్‌లో 405 హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని 4.20కి లోపలికెళ్లాం. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే అదనపు చార్జి, ఇంకా ఎక్కువైతే మరో రోజు. ముందే ఇచ్చేస్తే డబ్బు వెనక్కొస్తుందనుకోవద్దు, వారం రేటు పోయి రోజు రేటు పడి బిల్లు పెరిగే ప్రమాదం కూడా ఉంది. చక్రం రిమ్ము మీద ఒక గీత చూసి అక్కడి మనిషి ఆగాడు. తీసుకున్న రోజు పార్కింగ్‌లోనే చుట్టూ తిరిగి తీసిన వీడియోలో ఆ గీత ఉంది, చూపించాను, సరేనన్నాడు. మాకు ఎల్‌డీడబ్ల్యూ ఉంది కాబట్టి వీడియో లేకపోయినా ఫర్వాలేదు, ఎల్‌డీడబ్ల్యూ తీసుకోనివాళ్లకి మాత్రం ఆ వీడియోనే దిక్కు. అమెరికాలో చాలాచోట్ల రిపేరు ఖర్చుతో పాటు, కారు షెడ్డులో ఉన్న రోజులకి పోయిన అద్దె కూడా వేస్తారు.

యూరప్‌లో లెక్క వేరు. అక్కడ కారు డ్యామేజీ కవర్ రేటులోనే కలిసి ఉంటుంది, కానీ మొదటి వెయ్యి, రెండు వేల యూరోలు మనవే అనే మెలిక పెట్టి, ఆ మెలిక తీయడానికి కౌంటర్లో డబ్బడుగుతారు. పైగా ఆటోమేటిక్ కారంటే రేటు వేరే. ఇటలీ వెళ్లొచ్చిన మా కొలీగ్‌కి పాత ఊళ్లలో బయటి కార్లు రాకూడని వీధిలోకి వెళ్లినందుకు నెలల తర్వాత జరిమానా వచ్చింది, జరిమానా వేసినవాళ్లకి కొలీగ్ అడ్రస్ ఇచ్చినందుకు కంపెనీ విడిగా ఫీజు తీసుకుంది.

మా బిల్లు మీద ఆఖరి దెబ్బ మన బ్యాంకుదే. డాలర్లని రూపాయల్లోకి మార్చినందుకు 3.5 శాతం ఫారెక్స్ మార్కప్, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 4.13. ఇంకో ముప్పై డాలర్లు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కి ఆర్టీఏలో కట్టిన వెయ్యి దీనికి ముందే అయిపోయింది. కాలిఫోర్నియాలో టూరిస్టుకి అది తప్పనిసరి కాదు గానీ, కౌంటర్లో అబ్బాయి మా ఏపీ లైసెన్సు కార్డుని అటూ ఇటూ తిప్పుతుంటే పర్మిట్ పుస్తకం పక్కన పెట్టగానే పని జరిగింది.

కారుకి ఐదుకి నాలుగున్నర. రేటు చూపించే పద్ధతికి ఒకటి, అది కూడా కౌంటర్లో అబ్బాయి బాబుకి చాక్లెట్ ఇచ్చినందుకు. సంక్రాంతికి డాలస్ వెళ్లాలి, పెదనాన్న కొడుకు గృహప్రవేశం. అన్నయ్య అప్పుడే "నేను బుక్ చేసేస్తాలే, నువ్వు దిగిపో" అని మెసేజ్ పెట్టాడు. వద్దన్నయ్యా, కాకినాడ నుంచే చేసుకుంటా అని రాశాను. వాడికి కోపం వచ్చినట్టుంది, రెండ్రోజులైంది రిప్లై లేదు.