ఆర్కేడ్ క్యాబినెట్ కిట్ కొనబోతున్నారా? డబ్బు కట్టేముందు ఇవి చూడండి

“పూర్తి కిట్, స్క్రూలు బిగిస్తే చాలు, ఆట మొదలు” అన్న ప్రకటనతో ఇద్దరు ఆడే నిలువెత్తు ఆర్కేడ్ క్యాబినెట్ (నాణెం వేసి ఆడే పాత వీడియో ఆటల పెట్టె) కిట్లు అమ్ముతున్నారు. అలాంటి పెట్టె ఒకటి విప్పి, ప్రతి భాగాన్నీ కొలిచి చూశాక రాస్తున్న హెచ్చరిక ఇది. ప్రకటనలో 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో గట్టిగా నొక్కి చేసిన పలక) అని ఉంటే, పెట్టెలో వచ్చింది పైన రంగు కాగితం అతికించిన 15 మి.మీ. పార్టికల్ బోర్డు (చెక్క పొట్టు అతికించి చేసిన పలక). కరెంటు వైరుకు ఎర్తే లేదు. బటన్లు ఆ చెక్కకు సరిపడవు. ఆటలున్న మెమరీ కార్డు మీద 128 జీబీ అని రాసి ఉంది, అంత పట్టదు. ఫిర్యాదు చేస్తే వచ్చిన జవాబు: “ఒక్క స్క్రూ దిగినా వాపసు లేదు.” అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. పేరు తెలిసినా తెలియకపోయినా, ఏ పెట్టెనైనా ఎలా పరీక్షించాలో తెలిస్తే మీ డబ్బు మిగులుతుంది.

కరెంటుతో మొదలుపెడతాను, మిగతావన్నీ డబ్బు నష్టమే గానీ ఇది ప్రాణం సంగతి. కిట్‌లో వచ్చిన పవర్ సప్లై స్క్రూ టెర్మినళ్లు బయటికి కనిపించే రకం ఎస్‌ఎంపీఎస్, అంటే ఇంటి కరెంటును తక్కువ వోల్టేజీకి మార్చే డబ్బా. దానికి రెండు తీగల వైరు, రెండు పిన్నుల ప్లగ్గు, మధ్యలో నల్ల టేపు చుట్టిన అతుకు. ఎర్త్ టెర్మినల్ ఖాళీగా ఉంది. ఆర్కేడ్ క్యాబినెట్‌లో కాయిన్ డోర్ (నాణెం వేసే చిన్న తలుపు) ఇనుముది, చాలాసార్లు కంట్రోల్ ప్యానెల్ (బటన్లు, జాయ్‌స్టిక్‌లు ఉండే పలక) కూడా ఇనుముదే, ఆడినంతసేపూ చేతులు దానిమీదే ఉంటాయి. లోపల ఒక వైరు తొడుగు డోర్ అంచుకు ఒరుసుకుని తెగితే ఫేజు నేరుగా ఆ ఇనుములోకి వస్తుంది. ఎర్త్ ఉంటే ఫ్యూజు పోతుంది. లేకపోతే తాకిన మనిషికి షాకు కొడుతుంది. పిల్లలు ఆడే వస్తువు ఇది.

ఇలాంటి వైరింగు వస్తే వాడొద్దు, మొత్తం తీసేయండి. క్యాబినెట్ వెనక సీ14 రకం (కంప్యూటర్ వెనక ఉండేలాంటి మూడు పిన్నుల) సాకెట్ పెట్టండి, ఫ్యూజు, స్విచ్చు కలిసి ఉన్నది దొరుకుతుంది. అక్కడినుంచి ఎస్‌ఎంపీఎస్‌కు కనీసం 0.75 చదరపు మి.మీ. మూడు తీగల వైరు వేయండి. ఆకుపచ్చ-పసుపు తీగను రింగ్ టెర్మినల్‌తో ఎస్‌ఎంపీఎస్ ఒంటికి, కాయిన్ డోర్‌కు, ఇనుప ప్యానెల్‌కు బోల్టుతో బిగించాలి. రంగు పూసిన చోట బిగిస్తే కలవదు, అక్కడ రంగు గీకేయాలి. ఆ సాకెట్లలో చాలావాటికి సాకెట్ నుంచి స్విచ్చుకు మధ్య చిన్న తీగలు మనమే వేసుకోవాలి. అది తెలియక తప్పుగా కలిపితే ఫ్యూజు న్యూట్రల్ మీద పడి, ఫ్యూజు పోయినా లోపల ఫేజు అలాగే ఉంటుంది. పని అయ్యాక, ప్లగ్గు గోడకు పెట్టకముందే, మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి ప్లగ్గు ఎర్త్ పిన్నుకూ కాయిన్ డోర్‌కూ మధ్య చూడండి: 1 ఓమ్ లోపే రావాలి. ఫేజు పిన్నుకూ డోర్‌కూ మధ్య ఏమీ కలవకూడదు. స్విచ్చు ఆన్‌లో పెట్టి ఫ్యూజు బయటికి తీస్తే, ఫేజు పిన్నుకూ ఎస్‌ఎంపీఎస్ ఎల్ (ఫేజు) టెర్మినల్‌కూ సంబంధం తెగిపోవాలి. ఈ మూడూ సరిగా వచ్చేదాకా కరెంటు ఇవ్వకండి. మీటరు పట్టడం అలవాటు లేకపోతే ఈ ఒక్క పని ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోండి.

కిట్‌లో వచ్చిన ఫ్యూజు 10 ఆంపియర్లది. మానిటర్, చిన్న బోర్డు, ఆంప్లిఫయర్, లైట్లు అన్నీ కలిపినా 150 వాట్లు దాటడం అరుదు. 230 వోల్టుల దగ్గర అది 0.65 ఆంపియర్లు. 2 ఆంపియర్ల స్లో బ్లో (క్షణకాలపు పోటుకు పోని రకం) ఫ్యూజు చాలు. 10 ఆంపియర్లది పెడితే సన్న వైరు కాలిపోయాక గానీ ఫ్యూజు కదలదు.

ఇక 5 వోల్టుల వైపు. ఆటలు నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు రాస్ప్‌బెర్రీ పై 4కు 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. కిట్‌లో దానికి ఇచ్చిన తీగ వెంట్రుకంత సన్నం. 0.2 చదరపు మి.మీ. రాగి తీగ ఒక మీటరు పొడవుంటే, వెళ్లే తీగ, తిరిగొచ్చే తీగ కలిపి సుమారు 0.175 ఓమ్‌లు. 3 ఆంపియర్లు లాగితే దారిలోనే అర వోల్టు పోతుంది. సప్లై దగ్గర 5.1 ఉన్నా బోర్డు దగ్గర 4.6కు దిగుతుంది. 4.63 కిందికి దిగగానే తెరమీద పసుపు మెరుపు గుర్తు కనిపిస్తుంది, వేగం తగ్గుతుంది, ఆట మధ్యలో ఆగిపోతుంది, కొన్నాళ్లకు కార్డులోని ఫైళ్లు పాడవుతాయి. చాలామంది దీన్ని “బోర్డు చెడిపోయింది” అనుకుని కొత్తది కొంటారు. ఎస్‌ఎంపీఎస్ మీద ఉండే చిన్న స్క్రూ తిప్పి వోల్టేజీ పెంచమని అమ్మినవాళ్లు సలహా ఇస్తారు. వినకండి. లోడు తగ్గినప్పుడు అదే తీగ చివర 5.25 దాటిపోతుంది. తీగను 1 చదరపు మి.మీ.కి మార్చండి, నష్టం 0.1 వోల్టుకు దిగుతుంది. కొలిచేటప్పుడు సప్లై దగ్గర కాకుండా బోర్డు దగ్గర, ఆట నడుస్తుండగా కొలవండి.

చెక్క సంగతి పెట్టె తెరవకముందే పట్టుకోవచ్చు. 2440 × 1220 మి.మీ. కొలతలో 18 మి.మీ. ఎండీఎఫ్ షీటు సుమారు 39 కిలోలు ఉంటుంది. నిలువెత్తు క్యాబినెట్‌కు దాదాపు రెండు షీట్లు పడతాయి. కాబట్టి ప్రకటనలో “పార్సిల్ బరువు 38 కిలోలు” అని ఉంటే అది 18 మి.మీ. ఎండీఎఫ్ అయ్యే అవకాశమే లేదు, లేదా అది నిలువెత్తు క్యాబినెట్ కాదు. కొనేముందు బరువు అడగండి, చెప్పకపోతే వదిలేయండి. వచ్చాక వెర్నియర్‌తో నాలుగు మూలలా మందం కొలవండి.

పార్టికల్ బోర్డు అంచులో స్క్రూ నిలవదు. మొదటిసారి బిగుస్తుంది, ఒకసారి విప్పి మళ్లీ బిగిస్తే రంపపు పొట్టు రాలి బెజ్జం వదులవుతుంది. ఇద్దరు జాయ్‌స్టిక్‌లు పట్టి లాగే వస్తువుకు అది పనికిరాదు. వాపసు కుదరక అదే వాడాల్సి వస్తే, పక్క పలకల లోపలివైపు 30 × 30 మి.మీ. చెక్క పట్టీలు జిగురుతో అతికించి, పట్టీ లోంచి పలకలోకి 40 మి.మీ. స్క్రూలు దింపండి. 15 మి.మీ. పలకలోకి 10 మి.మీ. దిగుతుంది, బయటికి పొడుచుకు రాదు. అసలైన ఎండీఎఫ్ వచ్చినా అంచులో నేరుగా స్క్రూ దింపకండి, పొరలు విచ్చుకుంటాయి. 4 మి.మీ. స్క్రూకు ముందు 3 మి.మీ. బెజ్జం వేయాలి, మూలనుంచి కనీసం 50 మి.మీ. ఎడం ఉంచాలి. కోసినా, రుద్దినా మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ములో ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది.

అంచులకు వేసే టీ మోల్డింగ్ (గాడిలోకి దిగే ముల్లున్న ప్లాస్టిక్ పట్టీ) 19 మి.మీ.ది ఇచ్చారు. 15 మి.మీ. పలకకు అది అటూ ఇటూ 2 మి.మీ. చొప్పున బయటికి నిలబడి మణికట్టుకు గీరుకుంటుంది. గాడి వెడల్పు కూడా చూసుకోండి: మామూలుగా 1.6 మి.మీ. ఉండాలి. రంపంతో కోసిన 3 మి.మీ. గాడిలో మోల్డింగ్ ముల్లు పట్టుకోదు.

బటన్ల దగ్గర మోసం మాటల్లో ఉంటుంది. సన్వా అంటే ఆర్కేడ్ బటన్లు, జాయ్‌స్టిక్‌లు చేసే పేరున్న జపాన్ కంపెనీ. “సన్వా తరహా”, “సన్వా స్టైల్” అంటే సన్వా కాదని అర్థం. అసలుదైతే భాగం సంఖ్య రాస్తారు: 30 మి.మీ. బటన్‌కు ఓబీఎస్‌ఎఫ్-30, స్టార్ట్ బటన్ లాంటి చిన్నవాటికి ఓబీఎస్‌ఎఫ్-24, జాయ్‌స్టిక్‌కు జేఎల్‌ఎఫ్-టీపీ-8వైటీ. సంఖ్య అడిగితే మాట మార్చేవాళ్ల దగ్గర ఆ ధర పెట్టి కొనవద్దు. నకళ్లు అన్నీ పనికిరానివని కాదు, నకలు ధరకే నకలు కొనండి.

అసలువైనా సరే, ఓబీఎస్‌ఎఫ్ రకం నొక్కి బిగించేది. దాని పక్క రెక్కలు 2 నుంచి 4 మి.మీ. పలచటి రేకును పట్టుకోవడానికి చేసినవి. 15, 18 మి.మీ. చెక్కలో ఆ రెక్కలకు పట్టు దొరకదు, ఒరిపిడి మీద నిలబడి, గట్టిగా ఆడేకొద్దీ పైకి వచ్చేస్తాయి. చెక్క ప్యానెల్‌కు నట్టుతో బిగించే ఓబీఎస్‌ఎన్-30 లాంటివి కావాలి, వాటి మర పొడవు మీ చెక్క మందానికి అందుతుందో చూసుకోవాలి. అమెరికన్ రకం పొడుగు బటన్లయితే మందం చెక్కకు హాయిగా సరిపోతాయి గానీ వాటి బెజ్జం సుమారు 28.6 మి.మీ. ఈ కిట్‌లో ప్యానెల్ బెజ్జాలు వాటికి కోసి, బటన్లు మాత్రం 30 మి.మీ.వి పంపారు. ఉన్న బెజ్జాన్ని పెద్దది చేయాలంటే హోల్ సాకు (గుండ్రంగా కోసే రంపపు బిట్‌కు) మధ్యలో ఆనుకోను చోటుండదు, బిట్ జారి ప్యానెల్ చీరుకుపోతుంది. ఒక వ్యర్థపు చెక్కముక్కలో ముందుగా 30 మి.మీ. బెజ్జం వేసి, దాన్ని ప్యానెల్‌మీద క్లాంపుతో బిగించి, ఆ బెజ్జాన్నే దారిగా పెట్టుకుని కోస్తే శుభ్రంగా వస్తుంది.

జాయ్‌స్టిక్‌దీ ఇదే బాధ. జపనీస్ రకం కర్ర పొట్టిది, 18 మి.మీ. చెక్క కింద నేరుగా బిగిస్తే పైకి బంతి మాత్రమే మిగులుతుంది. కింద రౌటర్‌తో (చెక్కను తొలిచే యంత్రంతో) గుంట తీసి 6 మి.మీ. మందం మిగల్చాలి. పార్టికల్ బోర్డులో అలా తీస్తే ఆ మిగిలిన పలచన భాగం విరుగుతుంది, అక్కడ ఇనుప పలకే మార్గం. పాక్‌మాన్ (1980), డాంకీ కాంగ్ (1981) లాంటి నాలుగు దిక్కుల ఆటలు మీకు ముఖ్యమైతే 4/8 దిక్కులకు మార్చుకునే గేటు (కర్ర ఏ దిక్కులకు కదలాలో హద్దు పెట్టే భాగం) ఉందా అని కూడా అడగండి. ఎనిమిది దిక్కుల గేటుతో పాక్‌మాన్ మలుపులు తప్పుతూనే ఉంటాయి.

వైర్లు: బటన్ కింది మైక్రోస్విచ్‌కు మూడు కాళ్లుంటే కామ్ (ఉమ్మడి కాలు), ఎన్‌ఓ (నొక్కితేనే కలిసేది) వాడాలి. ఎన్‌సీకి (నొక్కనప్పుడు కలిసి ఉండేదానికి) తగిలిస్తే ఆ బటన్ ఎప్పుడూ నొక్కినట్టే కనిపిస్తుంది. జపనీస్ బటన్‌కు 2.8 మి.మీ. క్లిప్పు, అమెరికన్ మైక్రోస్విచ్‌కు 4.8 మి.మీ.ది. కిట్‌లో ఏవి వచ్చాయో లెక్కపెట్టండి. పెద్ద క్లిప్పును నొక్కి చిన్న కాలికి తగిలిస్తే వారంలో వదులవుతుంది. గ్రౌండ్ తీగ ఒక బటన్ నుంచి ఇంకోదానికి గొలుసులా వెళ్తుంది కాబట్టి, వరసలో ఫలానా బటన్ తర్వాతవన్నీ ఒక్కసారే చచ్చిపోతే తప్పు ఎన్‌కోడర్‌ది (బటన్ నొక్కులను కంప్యూటర్‌కు చేరవేసే బోర్డుది) కాదు, ఆ బటన్ దగ్గర క్లిప్పు ఊడింది.

ఎన్‌కోడర్లు: ఇద్దరికీ చెరొక “జీరో డిలే” బోర్డు ఇచ్చారు. రెండూ ఒకే పేరు, ఒకే గుర్తింపు సంఖ్యతో కంప్యూటర్‌కు కనిపిస్తాయి. ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడు ఒక్కోసారి మొదటి ఆటగాడు రెండోవాడవుతాడు. యూఎస్‌బీ పోర్టులు మార్చకుండా ఉంచితే కొంత తగ్గుతుంది గానీ పోదు. ఇద్దరికీ ఒకే బోర్డు సరిపోయే ఎన్‌కోడర్ అడగండి. చెరి 4 దిక్కులు, 6 బటన్లు, ఇద్దరికీ కలిపి 2 స్టార్ట్, 2 కాయిన్: మొత్తం 24 ఇన్‌పుట్లు, బయటికి రావడానికి ఇంకొకటి. ఐ-పాక్ 2 లాంటి కీబోర్డు రకం ఎన్‌కోడర్లు ఇందుకు సరిపోతాయి.

తెర విషయంలో కిట్ కోత చూడండి. 19 అంగుళాల 5:4 మానిటర్‌లో 4:3 బొమ్మ సుమారు 376 × 282 మి.మీ. వస్తుంది. 24 అంగుళాల వెడల్పు మానిటర్ అడ్డంగా పెడితే 399 × 299, అంటే 19.6 అంగుళాల 4:3 తెరకు సమానం. రెండింటికీ పెద్ద తేడా లేదు, కాబట్టి “24 అంగుళాల పెద్ద తెర” అన్న మాటకు ఎక్కువ ధర ఇవ్వకండి. నిలువు ఆటలు ఎక్కువ ఆడతామని మానిటర్‌ను నిలబెట్టేవాళ్లు టీఎన్ ప్యానెల్ (ఒక రకం ఎల్‌సీడీ తెర) తీసుకోవద్దు, ఒక పక్కనుంచి చూసేవాళ్లకు నల్లగా కనిపిస్తుంది. మెయిన్ స్విచ్చు ఆపి మళ్లీ వేస్తే మానిటర్ దానంతటదే వెలుగుతుందా, నిద్రలోనే ఉంటుందా అన్నది బిగించకముందే చూడాలి. లోపల బిగించాక ఆ బటన్ అందదు.

కార్డు గురించి. ముందుగా విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 నడపండి. 128 జీబీ అని చూపిస్తూ 32 జీబీ మాత్రమే పట్టే నకిలీ కార్డులు వీటికి దొరికిపోతాయి. “పదివేల ఆటలు” అన్నది ఇంకో ఎర. ఒకే ఆట వేర్వేరు దేశాల ప్రతులు, దొంగ సవరణలు కలిపి ఆ లెక్క తెస్తారు. హక్కులున్న ఆటల కాపీలు అలా అమ్మడం చట్టవిరుద్ధం. స్నెస్9ఎక్స్, ఎఫ్‌బీ నియో లాంటి ఎమ్యులేటర్ల (పాత యంత్రాల ఆటలను కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రాముల) లైసెన్సు వాటిని వ్యాపారానికి వాడనివ్వదు. పైగా ఆట ఫైళ్లు మామ్ (ఆర్కేడ్ ఆటల ఎమ్యులేటర్) వెర్షన్‌కు సరిపోకపోతే తెరుచుకోవు: మామ్ 2003 అనే పాత రూపానికి 0.78 వెర్షన్ ఆట ఫైళ్ల సెట్టే కావాలి. కార్డు ధర తీసేసి కిట్ ఇమ్మని అడగండి.

పెట్టె వచ్చిన రోజు పని ఈ వరసలో చేయండి. సీలు తెంచకముందు తూకం వేసి ఫొటో. తెంచడం మొదలుకుని చివరి సంచి దాకా ఆపకుండా వీడియో. పలకల మందం, బెజ్జాల వ్యాసం వెర్నియర్ అంకె కనబడేలా ఫొటోలు. ఎర్త్ లేని సప్లైని పక్కన పెట్టి, బోర్డును దాని అసలు అడాప్టర్‌తో బల్లమీదే నడిపి, ప్రతి బటన్‌నూ చేతిలోనే పట్టుకుని పరీక్షించండి. లోపం కనిపిస్తే ఫోన్‌లో మాట్లాడకుండా, కొన్నచోటి మెసేజ్‌లోనే ప్రకటనలోని వాక్యం, మీ కొలత పక్కపక్కన రాసి పంపండి. “15 మి.మీ.వి కూడా బాగానే ఉంటాయి, బిగించి చూడండి” అంటారు. ఆ మాట నమ్మి స్క్రూడ్రైవర్ పట్టుకుంటే వాపసు ఇవ్వమనడానికి వాళ్లకు సాకు దొరికినట్టే.