పోర్టో బొమ్మ వేయాలంటే అవతలి ఒడ్డున దిగండి

పోర్చుగల్ వెళ్లేవాళ్లు పోర్టోలో గది అనగానే నది అంచునున్న రిబైరా వైపే చూస్తారు. స్కెచ్‌బుక్కు పట్టుకుని వెళ్లేవాళ్లకు మాత్రం అది దండగ. రిబైరాలో కూర్చుంటే రిబైరా ఏం కనబడుతుంది? మేం ముందు అక్కడే దిగాం. అద్దె ఎక్కువ, అర్ధరాత్రి దాటినా కిటికీ కింద సందడే. తర్వాత వంతెన దాటి విలా నోవా ద గాయాకు మారాం. జార్దిమ్ దో మోర్రో మెట్రో స్టేషన్ దగ్గర చిన్న గెస్ట్‌హౌసు. లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోవాలి. విమానాశ్రయం నుంచి ఇ లైన్‌లో త్రిందాదే దాకా వచ్చి డి లైన్ మారితే చాలు, మెట్రో రైలు ఆ రెండంతస్తుల వంతెన పై అంతస్తు మీదుగానే వస్తుంది.

1996లో యునెస్కో గుర్తించిన పాత ఊరంతా ఇక్కణ్ణుంచి ఎదురుగా ఉంటుంది. ఆ ఇళ్లు దక్షిణ ముఖం కాబట్టి ఎండ మన వీపు మీదుగా వెళ్లి వాటి గోడల మీద పడుతుంది. 2018లో అర్బన్ స్కెచర్ల (ఊళ్లని అక్కడే కూర్చుని చూసి గీసేవాళ్ల) అంతర్జాతీయ సమావేశం ఈ ఊళ్లోనే పెట్టారంటే పెట్టరూ మరి!

కూర్చోడానికి నా ఓటు గాయా రేవుకే. ఒకప్పుడు వైన్ పీపాలు మోసిన రబేలో పడవలు ముందు, డౌరో నది మధ్యలో, వెనక ఇళ్ల వరుస. సెర్రా దో పిలార్ మఠం దగ్గర ఎత్తు బాగుంటుంది గానీ గాలికి కాగితం నిలవదు. స్టేషన్ పక్కనున్న మోర్రో తోటకి పొద్దున్నే వెళ్లాలి, సాయంత్రం కాలు పెట్టే చోటుండదు.

ముందు వంతెన గీయండి, మిగతా ఎత్తులన్నీ దాన్నిబట్టి కుదురుతాయి. 1886 నాటి దోమ్ లూయిష్ వంతెన అది, కమాను వెడల్పే 172 మీటర్లు. ఇనుప కడ్డీలన్నీ లెక్కబెట్టి గీస్తే బొమ్మ నల్లబడిపోతుంది. రెండు వంపులు, మధ్యలో నాలుగు అడ్డగీతలు చాలు. నది పక్క తేమకి వాటర్‌ప్రూఫ్ ఇంకు కూడా త్వరగా ఆరదు. పాళీ ఆగిన చోట, గీత మందంగా పడ్డచోట వేలితో తాకి చూసి అప్పుడు కుంచె పెట్టండి. ఇళ్లన్నిటికీ రంగు వేయొద్దు. మధ్యలో ఓ నాలుగిళ్లకి పసుపు, ఇటుక ఎరుపు, పలకల నీలం వేసి, మిగతావి గీతల్లోనే వదిలేస్తే ఊరు ఊపిరి పీలుస్తుంది. రాతిగోడల బూడిద రంగుకి అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమరంగు కలిపితే సరి. బాల్కనీ కమ్మీలు చివర్న, తడి పూర్తిగా పోయాక.

రిబైరా హోటళ్ల బయటి బల్లల దగ్గర ఒక్క కాఫీతో కూర్చుంటే వెయిటర్ చూపులు భరించాలి. గాయా వైపు రాతిమెట్లకి ఆ బాధ లేదు, ఆటుపోట్లకి నీళ్లు పైకొస్తాయి గనక కింది మెట్టు మీద సంచీ పెట్టకండి. శాకాహారులు ఫ్రాన్సెసిన్యా అనే ఇక్కడి శాండ్‌విచ్ జోలికి వెళ్లొద్దు, అంతా మాంసమే. కాల్దో వెర్ద్ పేరుకి ఆకుకూర సూపే గానీ అందులోనూ సాసేజ్ ముక్క తేలుతుంది, ముందే వద్దని చెప్పాలి.

మా ఆవిడకి బొమ్మల గోల లేదు. నేను గీస్తున్నంతసేపూ తోట నుంచి రేవుకి కేబుల్ కారు ఎక్కి దిగింది, డబ్బుకి తగ్గదే అంది. ఆరు వంతెనల పడవ షికారు మాత్రం గీసేవాళ్లకి పనికిరాదు. పడవ ఆగదు, ఫొటోలే తీసుకోవాలి.